ఎనిమిదో నిమిషం

శ్రీసుధకు భర్త మీద పెద్దగా ఫిర్యాదులేం లేవు. మణిశంకర్ పాఠం రికార్డు చేస్తున్నంతసేపూ కుక్కర్ కూత వెయ్యకూడదు, ఫ్యాన్ తిరగకూడదు, పనిమనిషి బుజ్జమ్మ గిన్నె కింద పెట్టకూడదు. భీమవరం ఎండల్లో ఇంతకంటే ఏం కోరాడు పాపం, ఊపిరి పీల్చవద్దని అనలేదు కదా.

ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ముందుగదిలో బోర్డు దగ్గర ఆయన చెప్పే పాఠాన్ని ఫోన్‌తో తీసేదీ, తర్వాత కూర్చుని ఎడిటింగ్ చేసేదీ ఎమ్మెస్సీ మేథ్స్ చదివిన శ్రీసుధ. "ఇంట్లో ఖాళీయే కదా, నేర్చేసుకుంది" అని చెబుతుంటాడు కొలీగ్స్‌తో. టిఫిన్లు, బట్టలు, అత్తగారి బీపీ మాత్రలు అన్నీ ఆ ఖాళీలోనే ఇమిడిపోతాయి.

ఆమెకో పాడు అలవాటు. ఆయన లెక్కలో రెండు మెట్లు ఒకేసారి దాటేస్తే ఫోన్ వెనకనుంచి నోరు ఊరుకోదు. "అదెలా వచ్చిందండీ?" అంటుంది. ఆయన విసుక్కుంటే తనే ఒక్క ముక్కలో చెప్పేస్తుంది.

"ఇంజనీరింగ్ పిల్లలకి నీ వంటింటి భాషేంటి? కోసెయ్" అనేవాడు. కోసేసేది. రెండేళ్ళు, అరవై రెండు పాఠాలు.

మొన్న కాలేజీవాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. పిల్లలు వీడియో ఎక్కడ వదిలేసి పోయారో, ఎక్కడ వెనక్కి తిప్పి చూశారో, ఆ తర్వాత క్విజ్‌లో ఏం చేశారో అంతా గీత గీసి చూపిస్తుంది. ఆయన పాఠాలన్నిట్లోనూ నాలుగో నిమిషానికల్లా గీత కిందికి జారిపోయింది. ఒక్కదాంట్లో మాత్రం ఎనిమిదో నిమిషం దగ్గర నిటారుగా లేచింది.

"ఇక్కడ అందరూ వెనక్కి తిప్పారు. అర్థమై ఉండదు. ఆ ముక్క తీసెయ్ సుధా."

తియ్యబోతూ ప్లే చేసింది. తన గొంతే. ఆ రోజు పాలు పొంగుతుంటే పరిగెత్తి, కొయ్యడం మర్చిపోయింది.

"చెరువు అదేనండీ. ఇందాక ఈ గట్టు మీద నిలబడి కొలిచాం, ఇప్పుడు ఆ గట్టు మీదనుంచి కొలుస్తున్నాం. అందుకే ఇంటిగ్రల్ హద్దులు మారాయి, చెరువు మారలేదు."

"క్విజ్ కూడా చూడండి" అంది. వెనక్కి తిప్పిన రెండొందల మందిలో పదిమంది తప్ప అందరూ ఆ లెక్క సరిగ్గా చేశారు.

ఆయన ఆ ముక్కని ఇంకోసారి ప్లే చేశాడు. "మిగతావాటిలో నువ్వు చెప్పినవి కూడా తిరిగి అతికించెయ్."

"లేవండి. ఫోన్ నిండిపోతోందని ఒరిజినల్స్ ఎప్పటికప్పుడు తీసెయ్యమన్నారుగా."

ఆ పూట గోరుచిక్కుళ్ళు తుంచుతూ, ఏ పాఠంలో ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకోబోయింది. మూడు దొరికాయి. ఒక్కటైనా దాచుకోవాలని తనకెందుకు తోచలేదు? ఆయన కొయ్యమన్నాడు, సరే. అతుకు కూడా కనపడకుండా అంత శుభ్రంగా కొయ్యమని ఎవరన్నారు?

మర్నాడు పొద్దున్నే కుక్కర్ ఎక్కించి, ఫ్యాన్ వేసి, ఫోన్ ఆయన చేతిలో పెట్టి బోర్డు ముందుకెళ్ళింది.

"మొదటి పాఠం నుంచి మళ్ళీ చెబుతాను. మీరు తియ్యండి."

వంటింట్లో కూత వినిపించింది. ఆయన రికార్డింగ్ నొక్కాడు. ఆమె సుద్దముక్క ఎత్తేలోపే ఫోన్ వెనకనుంచి చిన్న దగ్గు.

"సుధా, ఇది మాత్రం కొయ్యకు" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "పిల్లలూ, ఇన్నాళ్ళూ ఈ పాఠాల్లోంచి మేడంగారి మాటలు తీసేయించింది నేను. తప్పు నాదే."