తల్లి కచాపి, కోడలి గోరు

తలుపు సందులో నలిగిన చూపుడువేలి గోరు నల్లబడి, చివరికి ఊడిపోయిన రోజున రుమ్సీ ఏడవలేదు. వేరుశనక్కాయ ఒలవబోయి ఒలవలేకపోయినప్పుడు ఏడ్చింది. గోరు దన్ను లేని వేలికొన దూదిలా మెత్తబడిపోయింది. సూదిని పట్టదు, ముడిని విప్పదు. ఇక తీగ మీటడం సంగతి చెప్పక్కర్లేదు.

ఆమె మామగారు విర్యా చియాన్‌జుర్ ఊళ్లో హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన భార్య ఎనోక్ బతికున్నంత కాలం కచాపి అనే తీగవాద్యాల్లో పడవలాంటి పెద్దదాన్ని వాయించింది. దాన్ని తల్లి కచాపి అంటారు. పాటకి తోవ చూపేది అదే. పిల్ల కచాపి దాని వెంట పరిగెడుతుంది. ఎనోక్ పోయాక మూగబోయిన ఆ తీగల ముందు కోడలే కూర్చుని సాధన చేసింది. తీగని మీటాల్సింది చూపుడువేలికి పెంచుకున్న సొంత గోరుతో. పెట్టుడు గోళ్లతో వాయించేవాళ్లను చూస్తే, చెంచాతో బుగ్గ గిల్లినట్టుంది అనేది ఎనోక్.

సంగీత బృందానికి పెద్ద, వేణువు వాయించే మాంగ్ ఓయో ఒకరోజు ఇంటికొచ్చాడు. జిల్లా సభామందిరంలో కచేరీ ఉందనీ, బాండుంగ్ నగరం నుంచి ప్లాస్టిక్ గోళ్ల వాద్యగాడొకడు వస్తున్నాడనీ, తల్లి కచాపిని అతనికివ్వమనీ అడిగాడు. అప్పటికి రుమ్సీ గోరు బాగు కాకపోతే తప్పకుండా ఇస్తానన్నారు విర్యా. ఓయో ఆమె వేలు చూసి నవ్వాడు.

"ఏం నెంగ్ తల్లీ, మీ మామ పాఠం చెప్తే గోరు మొలుస్తుందేంటి?"

విర్యా కోడలి చేతిని వెలుతురుకి తిప్పి, చర్మం మడత దగ్గర తెల్లగా తొంగిచూస్తున్న చంద్రవంకను చూపించారు. ప్రాణం ఉండేది అక్కడ, ఆ మొదట్లోనే. అది కొత్త పొరలు పుట్టిస్తూ పాతవాటిని ముందుకు నెడుతుంది. బయటికొచ్చి గట్టిపడిందంతా జీవం లేనిదే. వెంట్రుకదీ అదే సరుకు, అదే పద్ధతి. అందుకే కత్తిరిస్తే రెండూ నొప్పెట్టవు.

"అయితే చచ్చినదాంతో వాయిస్తుందన్నమాట," అన్నాడు ఓయో.

"నీ వేణువులో వెదురు బతికే ఉందా?"



వానలు వెళ్లేసరికి గోరు వేలికొన దాటింది. కానీ దాని మధ్యలో అడ్డంగా నాగటిచాలు లాంటి గాడి. కచాపి వాయించేవాళ్లకు గోరు అద్దంలా లేకపోతే నిద్ర పట్టదు. రోజూ నునుపు పెట్టడం అలవాటు. రుమ్సీ కూడా ఆకురాయి తీసి గాడి చుట్టూ అరగదీయబోయింది.

"ఆపమ్మా," అన్నారు విర్యా. ఆ ఇంట్లో ఆయన గొంతు పెద్దదవడం అదే మొదటిసారి. "మొదలుకి దెబ్బ తగిలిన గుర్తది. దాని చుట్టూ గీకితే కాగితమంత మిగులుతుంది. ఒక్క మీటుకే విరుగుతుంది."

"మరి ఇది ఎప్పుడు పోతుంది, అబా?"

"కొంచెం కొంచెంగా కొసకి జరుగుతుంది. నువ్వే కత్తిరించి పారేస్తావు. అందాకా దాంతోనే వాయించు."

ఆమె ఆకురాయిని పెట్టెలో పెట్టి మూత వేసింది.

కచేరీ రోజు మధ్యాహ్నం విర్యా బీరువాలోంచి భార్య సవరం తీశారు. దువ్వెనకి వచ్చిన తన జుట్టునే పోగుచేసి ఎనోక్ కట్టుకున్న సవరం. వెంట్రుక అంత త్వరగా పాడవదని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన మనిషి, అది నిజమైనందుకు ఆరోజు సంతోషించారు. కోడలి చేతిలో పెట్టారు. ఆమె కొప్పులో చుట్టుకుంది.

మందిరంలో తీగలు సరిచూసుకునేటప్పుడు మొదటి మీటుకి చిన్న జీర వినిపించింది. రెండోదానికీ వినిపించింది. రుమ్సీ వేలు కొద్దిగా వంచి, గోరుని తీగ మీదికి మరో కోణంలో దించింది. జీర పోలేదు, కానీ స్వరంలో ఒదిగింది. గోరు నిలిచింది.

కళ్లు మూసుకుని వింటున్న ఓయో తన చాపను ఎత్తి, తల్లి కచాపి పక్కన పరిచాడు. ఎనోక్ వాయించినప్పుడు తను కూర్చునే చోటది. బాండుంగ్ వాద్యగాణ్ణి పిలిచాడు.

"అబ్బీ, నువ్వు పిల్ల కచాపి తీసుకో. ఈమె వెనకాలే రావాలి, ముందుకు పోకు."

కచేరీ మొదలైంది. వెనక వరసలో విర్యా నిటారుగా కూర్చున్నారు. ఎవరండీ వాయిస్తున్నది, అని పక్కాయన అడిగాడు.

"మా కోడలు," అని, "గోరు కూడా తనదే," అన్నారాయన.