క్షమాపణమునకు దుబాసి

గ్రీష్మాతపమున నిసుకతిన్నెలు కొలిమిలోని బొగ్గులవలె కనలుచుండ ఖర్జూరవృక్షములు సైతము తమ నీడలను తమ మొదళ్లనే దాచుకొనిన యొకానొక మధ్యాహ్నమున నొక యెడారినగరమందలి క్రీడాభవనములో మాత్రము పాలరాతిపలకవలె పఱచిన మంచుపై చలిపొగ సన్నసన్నగ లేచుచుండెను. వెలుపల నిప్పు లోపల నీహారము. ఆసియాఖండపు స్త్రీల మంచుహాకీ పోటీలలో భారతజట్టునకును మలేసియాజట్టునకును ఆట జరుగుచుండెను.

భారతజట్టు రక్షకురాండ్రలో పైడికుమారి యొకతె. విజయనగరప్రాంతమునుండి సైన్యమున చేరి లేహ్ పట్టణమున కాపురముండిన సుబేదారుని కూతురగుటచే నామె బాల్యముననే గడ్డకట్టిన చెఱువులపై నుక్కుజోళ్లతో జాఱుట నేర్చి పదునెనిమిదవయేట దేశము పేరు ఱొమ్మున ధరించెను. శత్రువులు గోలువైపు దూకుచు వచ్చునపుడు రక్షకురాండ్రిద్దఱు జంటగా నిలిచి యడ్డగించుట యా క్రీడామర్యాద. ఆమె జంట లదాఖుకన్యయగు కుంజెస్. పెద్దదగుటచే నామెను పైడికుమారి లదాఖీ వాడుకచొప్పున అచే యని పిలుచును. అనగా అక్క. ఆమె యీమెను నోమో యనును. అనగా చెల్లి.

“నోమో! గోడవలె నిలువుమన్న మేకవలె గంతులిడుచున్నావే!” యని కుంజెస్ వెక్కిరించును.

“గోడకు కాళ్లు మొలిచిన నీవలెనే కుంటును గదా అచే!” యని యీమె బదులు పలుకును.

మోకాలు చెడియుండుటచే నీ పోటీలే కుంజెస్‌కు కడపటివి. మఱునాడు మూడవస్థానమునకై జరుగునాట యామె తుదియాట.

భారతజట్టొక గోలు ముందుండి యాట ముగియవచ్చిన తరుణమున ఐనా యను మలేసియాబాలిక మెఱుపువలె దూసికొనివచ్చెను. అంచుగోడచెంత నామెయు నడ్డగించిన యీ జంటయు మువ్వురు నొక్కుమ్మడి కూలిరి. కూలుచునే యా బాలికను ఎటులైన నిలుపవలెనను కసితో పైడికుమారి కఱ్ఱయెత్తి కొట్టెను. ఐనా మణికట్టు విఱిగెను. ఇనుపజాలి ముసుగులచే ముఖములు కానరాకుండుటచే భ్రమించిన రెఫరీ కుంజెస్‌ను వెలికి పంపి మఱునాటి యాటయు నాడరాదని తీర్పు చెప్పెను. కుంజెస్ మాఱుపలుకక తలవంచుకొని పోయెను. పైడికుమారి నోరు తెఱచెను. అంతలో జట్టును ఎంపికచేయు పెద్దలు ముందువరుసనే కూర్చుండుట కంటబడెను. తెఱచిన నోరు మూసికొనెను. భారతజట్టు గెలిచెను.

అచే తనకై నిందను మోసినదని యెంచి యామె సాయంకాలమువఱకును లోలోన కుములుచుండెను. అంతట కుంజెస్ లదాఖీయులు మర్యాదకై సమర్పించు తెల్లని పట్టుకండువా యొకటి చేతబట్టి గదిలోనికి వచ్చి కన్నీరు తుడుచుకొనుచు నిట్లనెను.

“నోమో! నన్ను మన్నింపుము. కఱ్ఱ యెప్పుడెత్తితినో నాకే తెలియదు. ఆ పిల్లచేయి విఱిచితిని. రేపు నిన్ను ఒంటరిని చేసితిని. నాకు ఇంగ్లీషు రాదు. దుబాసివై నా వెంట రమ్ము. ఆమె కాళ్లపై బడెదను.”

ఆహా! త్యాగమనుకొన్నది త్యాగము గాదు. చేయని నేరమును చేసితినని నమ్మి యా సాధ్వి వగచుచుండెను. నిరపరాధిని యపరాధిని క్షమాపణ వేడుచుండెను. పైడికుమారి కాళ్లు ఆమె వెంట నడచెను గాని మనస్సు గడపకడనే కూలబడెను.

కట్టుకట్టిన చేతితో కూర్చుండియున్న ఐనా యెదుట కుంజెస్ కండువాను ఉంచి లదాఖీలో రెండుమాటలు పలికి తలవంచెను. పైడికుమారి ఇంగ్లీషున నారంభించెను.

“ఈమె చెప్పునదేమనగా…”

అంతట దుబాసిమాట విడిచి తన మాట పలికెను.

“ఈమె దోషి గాదు. నిన్ను కొట్టిన కఱ్ఱ నాది.”

ఐనా కుంజెస్‌ను చూపి యడిగెను. “ఈ సంగతి ఈమెకు తెలియునా?”

“తెలియదు.”

“అటులైన నాకేల చెప్పెదవు? ఈమెకు చెప్పుము. నా యెముక తనంతట అతుకుకొనును.”

“ఏమనుచున్నది నోమో? నేనాడినవి రెండు మాటలు. నీవేమో పురాణము విప్పితివి!” అని కుంజెస్ ఆత్రపడెను.

పైడికుమారి నేల చూచుచు లదాఖీలో నంతయు చెప్పెను. కుంజెస్ మొగమున మొదట కోపము పొడసూపలేదు. పసిపిల్ల మొగమున పండుగనాడు వెలయు వెలుఁగొకటి వెలసెను.

“అటులైన రేపు నేనాడవచ్చునా?”

తిట్టియున్నను కొట్టియున్నను పైడికుమారికి అంత నొప్పి కలిగియుండదు. ఆమె యా పట్టుననే శిక్షకుని కడకును పోటీల న్యాయాధికారుల కడకును పోయి నిజము చెప్పెను. కుంజెస్‌కు విధించిన శిక్ష యీమెకు మాఱెను.

మఱునాడు కుంజెస్ కుంటుచు నాడెను. పైడికుమారి నిలువవలసిన తావున గలిగిన వెలితినుండియే శత్రువు దూఱి గోలుచేయుటచే భారతజట్టోడెను. ప్రేక్షకులనడుమ కూర్చుండి యామె దానిని కనులార చూచెను. ఒక సంవత్సరము జట్టునుండి వెలియయ్యెను. పిదప మరల పిలువబడి పెక్కు దేశముల మంచుపై పెక్కేండ్లు గోడయై నిలిచెను.

ఎచట నాడినను ఆట ముగిసినపిమ్మట నీరుచల్లి మంచును నునుపుచేయు బండి వచ్చువఱకు నామె కదలెడిది కాదు. గీఁతలన్నియు మాసి మంచు అద్దమగును. మనస్సునకు అట్టి బండి లేదు. దానిపై బడిన గీఁత మానదు. కాని జాఱునేలపై అడుగునకు పట్టునిచ్చునది నునుపు గాదు గీఁతయే.