పదిరోజులక్క

పొద్దున ఎనిమిదింటికల్లా షెడ్డు తలుపులు తెరిచేవాళ్లు. లారీల్లోంచి దింపిన నారింజ పండ్లు తొట్టిలో మునిగి, బ్రష్షుల కింద దొర్లి, బెల్టు మీదికి ఎక్కేవి. బెల్టు చివర ఏరేవాళ్లలో ఒకామెను అందరూ పదిరోజులక్క అనేవాళ్లు. పండుకు పదిరోజుల్లో జరగబోయేది ఆమె అరచేతిలో అప్పటికప్పుడే జరిగిపోయేది. అందుకే ట్రేకి ఒక పండు చొప్పున ఆమె చేతికిచ్చేవాళ్లు. మంచిదైతే తొక్క కాస్త ముడతపడి ఊరుకునేది. తెగులుంటే ముచ్చిక దగ్గర మెత్తబడి, తెల్లటి నూగు లేచి, చూస్తుండగానే ఆకుపచ్చ బూజు కమ్మేసేది. ఆమె దాన్ని పక్కన పడేసి, చేయి తుడుచుకుని, ఇంకోటి అందుకునేది. ఇంట్లో కూరలు మాత్రం మొగుడే తరిగేవాడు.

ఆ కాపుకు తొట్టిలో నీళ్లు మార్చడం మానేశారు. మందు కలపడమూ మానేశారు. కుళ్లిన పండు ఒక్కటి అందులో మునిగితే చాలు, గీరుకున్న ప్రతి పండుకూ తెగులు అంటుకుంటుంది. అక్క చేతిలో ట్రే తర్వాత ట్రే బూజెత్తసాగింది. నీళ్లు మార్చమని మేనేజరుకు రెండుసార్లు చెప్పింది. అతను నీళ్లు మార్చలేదు, ఆమెకు రబ్బరు గ్లౌజులు తెచ్చిచ్చాడు. వాటిలోంచి ఏమీ తెలిసేది కాదు. పిల్లల చదువులు తలుచుకుని, పంటి బిగువున తొడుక్కుంది.

పంపిన సరుకు కుళ్లి తిరిగొచ్చింది. తెగులు తోటలోనే ఉందని మేనేజరు కాగితం రాశాడు. దాని మీద తోటల ఆఫీసరు సంతకం పడితే చెట్లు నరికి తగలబెట్టాల్సిందే. అలా ఒక ముసలాయన తోట పోయింది.

తర్వాతి వంతు ఒక నడివయసామెది. ఆమె ఏడుస్తూ రాలేదు. ఆ పొద్దున కోసిన పండ్ల పెట్టె తెచ్చి, సంతకం పెట్టడానికి వచ్చిన ఆఫీసరు ముందు దించింది. తెగులు చూపిస్తే గొడ్డలి తనే తెస్తానంది. మేనేజరు నవ్వి, అది లోపల దాక్కునుంటుందని, చదువుకున్నవాళ్లకే తెలుస్తుందని అన్నాడు.

అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. గ్లౌజులు లాగి విసిరికొట్టింది. పెట్టెలోంచి పండు తీసి ఆఫీసరు ముఖం ముందు పట్టింది. తొక్క కాస్త ముడుచుకుంది, అంతే. ఇంకోటీ అంతే. అదే పెట్టెలోంచి నాలుగు తీసి తొట్టిలో ముంచి, బ్రష్షుల కింద దొర్లించి, ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుంది. నాలుగూ బూజెత్తి, నీరై, వేళ్ల సందుల్లోంచి కారి ఆఫీసరు కాగితం మీద పడ్డాయి.

"నిజమే సార్, తెగులు లోపలే దాక్కుంది," అంది మేనేజరుతో. "ఈ షెడ్డు లోపల."

ఆఫీసరు ఆ తడి కాగితాన్ని చించి, తొట్టికి సీలు వేయించాడు. మేనేజరు అక్కను రేపటి నుంచి రావద్దన్నాడు.

బయట తోటామె పెట్టె ఎత్తుకోబోతూ ఆగింది. మంచిమాట ఏదో అంటుందనుకుంది అక్క.

"ఆ గ్లౌజులు ఎన్నాళ్ల నుంచి?"

"నెల దాటింది."

"మా పక్క ముసలాయన తోట నరికి పదిహేను రోజులైంది. అంత చేయి పెట్టుకుని నెలరోజులు దాచుకున్నావా, అక్కా?"

 అక్క తన కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఇంటిదాకా నడిచే వెళ్లింది.

మర్నాడు బస్సెక్కి ముసలాయన తోటకు పోయింది. నేలంతా మోళ్లు. వాటిని పెకలించడానికి యంత్రం వచ్చి గట్టు మీద ఆగి ఉంది. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. ముసలాయన తిట్టడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ల చెట్లని, కన్నబిడ్డలని, నీ నోరు పడిపోయిందా అని తిట్టాడు.  అక్క పక్కనున్న మోడు ముందు కూర్చుని, దాని మీద చేయి వేసింది.

ఆమె వేళ్ల మధ్య నుంచి, కింది నాటు మొదలు నుంచి కాదు, నారింజ అంటు కట్టిన చోటికి పైన, రెండు ఆకుల చిగురు లేచింది.

ముసలాయన దాన్ని చూశాడు. తిట్టడం ఆపకుండానే గట్టు దాకా నడిచి, యంత్రాన్ని వెనక్కి తిప్పుకుపొమ్మన్నాడు.