రెండేళ్ళు నిండిన రోజు

పొద్దుటి నుంచీ శివపార్వతి తలెత్తలేదు. షెడ్డులో మిరపకాయల గుట్ట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని తొడిమలు తీస్తూనే ఉంది. నలభై నాలుగేళ్ళకే బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఘాటుకు దగ్గు ఆగదు.

"ఏందక్కా, చవితి పండగ మర్నాడే ఇంత తొందర?" అంది పక్కన కూర్చున్న రుక్సానా.

"మధ్యాన్నం వకీలుగారి దగ్గరికి పోవాల. కేసెయ్యడానికి రెండేళ్ళ గడువు ఇవాళ్టితో ఆఖరు."

ఆమె మొగుడు పిచ్చయ్య ఎదుటి కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోసేవాడు. రెండేళ్ళ కిందట వినాయక చవితి మర్నాడు, పేర్చిన వరస ఒరిగి అతని మీద పడింది. యజమాని మాత్రం అతనసలు పనికే రాలేదనీ, తాగి గేటు బయట పడి చనిపోయాడనీ రాయించాడు. చుక్క ముట్టని మనిషిని తాగుబోతును చేశాడు, వాడి నోట్లో మన్ను పడ. పరిహారం మాట దేవుడెరుగు, మనిషి పనిలోనే పోయాడని ఒక్క కాగితం మీద ఉంటే ఆమెకు చాలు.

చూసినవాడు మాలిక్ ఒక్కడే. అతనూ అక్కడి హమాలీయే, నోరు విప్పితే తన పొట్ట తనే కొట్టుకున్నట్టు. శివపార్వతి కాళ్ళరిగేలా తిరిగింది, తిట్టింది, ఏడ్చింది. చివరికి నిన్న, పండగ సెలవు పూట, అతనే కబురు పెట్టి ఆమెను పిలిపించి సాక్ష్యం కాగితం మీద సంతకం చేశాడు. "నిద్ర పట్టట్లేదక్కా," అన్నాడు.

మధ్యాహ్నం చీర దులుపుకుని ఆటో ఎక్కింది. వకీలు రామకాంత్ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా? గడువు ఎనిమిదో తేదీతో అయిపోయింది. ఏడు రోజులు దాటింది."

"కాదండీ, రెండేళ్ళు నిండేది ఇవాళేనండీ. శేషాచలం పంతులుగారు పంచాంగం చూసి చెప్పారు. ఈ ఏడు జ్యేష్ఠాలు రెండొచ్చినయ్ గదండీ."

పాపం, పంతులుగారి లెక్కలో తప్పేం లేదు. తద్దినం ఎప్పుడని అడిగిందనుకున్నాడు, తిథి చూసి చెప్పాడు. కోర్టువాళ్ళది ఇంగ్లీషు తేదీల లెక్క, వాళ్ళకు అధికమాసాలు లేవు.

రామకాంత్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆలస్యానికి కారణం రాసి పెడదాం. ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను. ఈ మాలిక్ వచ్చి నిలబడతాడా?"

"పొద్దున్నే ఊరొదిలి పోయాడండీ. కనిగిరి అవతల ఎక్కడో పని చూసుకున్నాడంట. సంతకం సంగతి తెలిస్తే ఇక్కడ బతకనియ్యరని."

వకీలు సాక్ష్యం కాగితం బల్ల మీద పెట్టాడు. ఆమె దాని వైపే చూస్తూ అడిగింది.

"అయితే ఇంక ఆయన తాగి పోయినట్టేనాండీ?"

రామకాంత్ కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఆమె మెల్లిగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. వకీలు కుర్చీ వెనక గోడకు క్యాలెండరు వేలాడుతోంది. అందులో ఆ రోజు గడిలో, పెద్ద అంకె కింద, చీమ తలకాయంత అక్షరాలతో పంచమి అని ఉంది.