టీకా రోజు నీళ్లు

దుండిగల్ కాలనీలో ఉండే బ్యాంకు ఉద్యోగి కామేశ్వరరావును, కోళ్లు పెంచే షఫీయుద్దీన్ బతికినంత కాలం క్షమించడు. కోళ్లకు మంచిదంటూ ఆకుల పొడి అంటగట్టింది ఆయనే. గుడ్డులో ఉండగానే పిల్లలను పొదిగించే హేచరీవాళ్లు ఆకురసం చుక్క వేస్తారని, పిల్ల బయటికొచ్చాక అదే పొడి రోజూ నీళ్లలో కలిపితే ఏ రోగమూ రాదని నమ్మబలికాడు. షఫీ షామీర్‌పేట దారిలోని భూమి కుదువపెట్టి, గౌడవెల్లి షెడ్డులో ఆరువేల పిల్లలను దింపుకున్నాడు.

ఏడోరోజు, కోళ్ల మెడలు మెలితిప్పి చంపే కొక్కెర తెగులుకు టీకా. ఆ రోజు తాగే నీళ్లలో టీకా, అది చెడిపోకుండా పాలపొడి తప్ప మరేదీ కలపడు షఫీ.

"ఇయ్యాల ఆ పొడి ఆపుండ్రి," అంది భార్య జహేదా.

షఫీ కామేశ్వరరావుకు ఫోన్ చేశాడు.

"అది మందు కాదండీ, ఆకు. ఒక్క పూట కూడా ఆపకండి," అన్నాడాయన.

"విన్నవా? సదువుకున్నోడు జెప్తుండు," అన్నాడు షఫీ.

"ఆయన సదివింది బ్యాంకు లెక్కలు. కోళ్లనెప్పుడు సాదిండు?"

ఆరోక్లాసులో బడి మానేసిన షఫీకి, చదువుకున్నవాడి మాట ముందు తన ఇరవయ్యేళ్ల అలవాటు చిన్నదిగా కనబడింది. పొడి కలిపాడు. దాని ఘాటుకు టీకా నీళ్లలోనే చచ్చింది. నాలుగోవారం కోళ్లు మెడలు మెలితిప్పుకుంటూ పడిపోసాగాయి. చచ్చినవాటిని పూడ్చడానికి గుంతలు తవ్వితవ్వి అతని చేతులు లేవడం మానేశాయి.

కుదువపెట్టిన భూమి విడిపించుకోలేకపోయాడు. పోయింది ఎనిమిది గుంటల నేల.