తొట్టి అంచున ఉప్పు

రాజధాని పోతూ పోతూ కర్నూలుకు ఖాళీ గదులు వదిలిపోయింది. మద్దమ్మకు మాత్రం వాటితోపాటు ఒక చేపను కూడా వదిలిపోయింది.

మూడేళ్ల కిందట మద్రాసు నుంచి ఆఫీసులన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డప్పుడు ఊళ్లో గొడ్ల కొట్టాలకు కూడా సున్నం కొట్టి అద్దెకిచ్చారు. గుడారాల్లో ఫైళ్లు, వసారాల్లో గుమాస్తాలు. ఆ సందడిలోనే మద్దమ్మ ఇంటి వీధిగదిలో దిగాడు దావీదురాజు. చేపల శాఖలో ఉద్యోగం. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. పెళ్లాం బిడ్డల్ని మద్రాసులోనే ఉంచి, బండి మీద గాజుతొట్టి ఒకటి ఎక్కించుకుని వచ్చాడు. తొట్టిలో సముద్రపు నీళ్లు, ఆ నీళ్లలో వేలెడంత చేప, దాని ఒంటి మీద నల్లటి చారలు. ఎండాకాలం వస్తే తుంగభద్రే ఇసుకలో దాక్కునే ఊరికి సముద్రాన్ని మోసుకొచ్చిన మనిషిని చూసి వీధి వీధంతా నవ్వింది. మద్దమ్మా నవ్వింది.

నవ్వి ఊరుకోలేకపోయింది. ఆమెకు పిల్లలు లేరు. గుత్తపనులు చేసే భర్త ఆ ఇల్లు కట్టించి, అందులో పట్టుమని ఏడాది ఉండకుండానే పోయాడు. పుట్టిల్లు కోసిగి. అక్కడివాళ్లు కరువు దెబ్బకు పనులు వెతుక్కుంటూ తలా ఒక దిక్కు పట్టారు. అలాంటి ఇంట్లో ఇంకో మనిషి దగ్గు వినిపించడమే ఆమెకు గొప్ప. సాయంత్రం చెప్పులు విడుస్తూనే "అక్కా, ఏం వండావు?" అని అడిగేవాడు దావీదు. ఆ ఒక్క మాట కోసం ఆమె మధ్యాహ్నం నుంచే పొయ్యి ముందు కూర్చునేది. అద్దెకున్నవాడికి అన్నం పెట్టడమేమిటని పక్కింటి ప్రేమమ్మ వెక్కిరించేది. వెక్కిరిస్తే వెక్కిరించనీ అనుకునేది మద్దమ్మ.

చేపలు దావీదుకు దక్కేవి కావు. నెలకో రెండు నెలలకో ఒకటి పోయేది. మద్రాసు వెళ్లొచ్చినప్పుడల్లా కొత్త చేపను, పెద్ద గాజుబుడ్లలో కొత్త నీళ్లను తెచ్చుకునేవాడు. ఆఫీసులు హైదరాబాదుకు తరలిపోయే నాటికి తొట్టిలో చివరగా తెచ్చిన చారల చేప ఒక్కటే ఉంది.

"దీన్ని రైల్లో తీసుకుపోలేనక్కా. తొట్టి పగిలిపోతుంది. అక్కడ ఇల్లు కుదరగానే వచ్చి ఏదో ఏర్పాటు చేస్తాను. అందాకా నువ్వే చూసుకో" అన్నాడు సామాను కడుతూ.

"నాకేం తెలుసప్పా దీని సంగతి?"

"ఏముందక్కా, ఎర్రలు ముక్కలు చేసి వెయ్యి. చెంబుతో నీళ్లు తీసి పైనించి మళ్లీ అందులోనే పోస్తుండు, గాలి ఆడుతుంది. నీళ్లు తగ్గితే మళ్లీ పోస్తుండు."

"మళ్లా ఎప్పుడొస్తావు?"

"శివరాత్రి లోపలే."

ఆ మాట మీదే ఉండిపోయింది మద్దమ్మ. గది అద్దెకు కావాలని కంబన్న అనే బడిపంతులు రెండుసార్లు వచ్చి అడిగాడు. "మావాడు వస్తాడప్పా, గది వానిది" అని పంపించేసింది. ఆమె లెక్క ఆమెకుంది. చేప ఉన్నంతకాలం దావీదు ఈ గడప తొక్కక తప్పదు. చేప పోయిందంటే అతను రావడానికి ఇక ఈ ఇంట్లో ఏమీ లేదు. అందుకే పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు తొట్టిలోకి చూసేది. స్నానాల బండ కింద తడినేల తవ్వి ఎర్రలు పట్టేది. పగలంతా పని మధ్యలో లేచి వచ్చి చెంబుతో నీళ్లు ఎత్తి పోసేది.

పోసినప్పుడల్లా తుంపర్లు అంచు మీద పడేవి. ఆ ఊరి పొడిగాలికి తడి ఎంతసేపుంటుంది? తెల్లారేసరికి గాజు అంచు మీద తెల్లటి పొర పేరుకునేది. మొదట గోడ సున్నం రాలిందనుకుంది. నాలుక మీద వేసుకుంటే ఉప్పు. తుడిస్తే మళ్లీ వచ్చేది. అంచు దాటి గాజు వెంట దిగి, తొట్టి కింద బల్ల మీదికి పాకి, మూతగా పెట్టిన రేకును తినేసింది. పెద్దగా పనులు లేని ఇంట్లో అదొక పని అయింది మద్దమ్మకు. కొబ్బరిచిప్ప పెంకుతో మెల్లగా గీకేది, తడిగుడ్డతో తుడిచేది.

గీకిన ఉప్పును ఏం చెయ్యాలి? పారేద్దామంటే చెయ్యి రాలేదు. ఉప్పు లక్ష్మి అని, నేలపాలు చెయ్యకూడదని, కాలికింద పడనివ్వకూడదని పుట్టింట్లో నేర్పి పెంచారు. వంటలో వేసుకుందామంటే చేప తిరిగిన నీళ్లది. చివరికి ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే చేర్చడం న్యాయమనుకుంది. ఒక్క గల్లు కూడా పోకుండా దోసిట్లో పట్టి తొట్టిలోనే కలిపేది. నీళ్లు తగ్గినప్పుడు దావీదు వదిలిపోయిన బుడ్లలోంచి సముద్రపు నీళ్లే పోసేది. సముద్రపు చేపకు సముద్రం తక్కువ కాకూడదు కదా!

శివరాత్రి వచ్చింది. పోయింది. దావీదు రాలేదు. కార్డు ముక్క కూడా లేదు. ఇల్లు కుదిరి ఉండదు, పెద్ద ఊరు, అని తనకు తానే చెప్పుకుంది మద్దమ్మ.

ఎండలు ముదిరాక చేప తినడం మానేసింది. ఎర్ర ముక్క ముక్కు మీద పడ్డా కదలకుండా మూలకు ఒరిగి, మొప్పలు ఎగరేస్తూ ఉండేది. ప్రేమమ్మ చూసి, "రేపటికి పులుసు పెట్టుకోవచ్చులే అక్కా" అంది. ఆమె మామూలుగా ఆడే పరాచికమే. మద్దమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. అడుగుదామంటే చేపల సంగతి తెలిసిన ఆఫీసు మనిషి ఊళ్లో ఒక్కడు లేడు. తొట్టి పక్కన కూర్చుని, "ఏమైందే నీకు? వాడొచ్చి అడిగితే నేనేం చెప్పల్ల?" అని గాజును వేలితో తట్టేది. ఆ చేపకంటే తానే ఎక్కువ భయపడుతోందని ఆమెకు తెలుసు.

ఒకనాడు పొయ్యి మీద పులుసు పెట్టి, చేప దగ్గర కూర్చుని మరిచిపోయింది. పోయి చూస్తే పులుసు సగానికి ఇగిరి ఉంది. నాలుక మీద వేసుకుంటే ఉప్పు కషాయం. చెయ్యి అలవాటుగా నీళ్ల చెంబు అందుకుంది, పోసింది. పోస్తూ పోస్తూ ఆగిపోయింది.

పరుగున వచ్చి తొట్టిలో వేలు ముంచి నాకింది. తర్వాత మిగిలిన ఒక్క బుడ్డి మూత తీసి, అందులో వేలు ముంచి నాకింది. బుడ్డిలో నీళ్లు ఉప్పగా ఉన్నాయి. తొట్టిలో నీళ్లు నాలుక పొక్కేంత. ఎండ నీళ్లనే తీసుకుపోతోంది, ఉప్పును వదిలేస్తోంది. ఆ మిగిలిన ఉప్పు మీద తను మళ్లీ ఉప్పునీళ్లు పోసి, గీకిన ఉప్పును కూడా భక్తిగా వేసి, ఆ పిడికెడు ప్రాణాన్ని ఊరగాయ పెడుతోంది. బల్ల పట్టుకుని నిలబడి, తన పెంపకాన్ని తానే తిట్టుకుంది.

పెరటి బావి నీళ్లూ ఉప్పగానే ఉంటాయి. అందుకని కడవ తీసుకుని నదికి పోయింది. ఇసుకలో చెలమ తోడి, ఊరిన తియ్యటి నీళ్లు తెచ్చింది. ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేదేమోనని పొద్దునొక చెంబు తీసి ఒక చెంబు పోసేది, సాయంత్రం మరొకటి. వేలు ముంచి నాకేది. బుడ్డి రుచి వచ్చేదాకా అలాగే చేసింది. ఇక గీకిన ఉప్పును ఒక ముంతలో దాచి, నదికి పోయినప్పుడు నీళ్లలో కలిపేది. తుంగ ఎప్పటికైనా సముద్రానికే కదా పోయేది. ఆ మాట తట్టిన నాడు లక్ష్మికి తప్పు చెయ్యలేదన్న నిమ్మళం దొరికింది ఆమెకు. చేప మూల వదిలింది. ఇంకొన్నాళ్లకు ఆమె వేళ్ల మధ్య నుంచే ఎర్రను లాక్కుని తినసాగింది.

తొలకరి పడ్డాక ఒక సాయంత్రం వీధి తలుపు దగ్గర "అక్కా" అన్న గొంతు వినిపించింది. దావీదే. చేతిలో సంచి ఒకటే ఉంది. కొంచెం ఒళ్లు చేశాడు. ఆఫీసు పని మీద వచ్చానని, రాత్రి రైలుకే వెళ్లిపోవాలని చెప్పాడు. మంచినీళ్లు తాగాడు. పెళ్లాం బిడ్డలు హైదరాబాదు వచ్చేశారన్నాడు. చేప మాట ఎత్తుతాడని మద్దమ్మ చూసింది. ఎత్తలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది.

తొట్టి తళతళలాడుతోంది. చారల చేప గాజు దగ్గరికి వచ్చి తిరిగింది.

"ఇంకా బతికే ఉందా?" అన్నాడు దావీదు.

ఆ ప్రశ్నలో ఉన్నది వట్టి ఆశ్చర్యమే. మద్దమ్మకు ముందు గర్వమే కలిగింది. ఉప్పు పేరుకోవడం, తిరిగి వెయ్యడం, పులుసు ఇగరడం, నదికి పోవడం అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు. ఖాళీ మంచం వైపు, గోడకు అలాగే ఉన్న తన చొక్కా కొయ్య వైపు చూశాడు.

"పోయే రోజున నా చేత్తో పారబొయ్యలేకపోయానక్కా" అన్నాడు చివరికి. "నా దగ్గరే బతికేవి కావు గదా. నీ దగ్గర పెడితే వారానికో పది రోజులకో అదే పోతుంది, నా కళ్లతో చూడక్కర్లేదనుకున్నాను."

"అట్లయితే శివరాత్రి అన్నావే?"

దావీదు చెమట తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు. ఏడుస్తున్నవాళ్ల ముందు నిలబడలేక ఏదో ఒక పండగ పేరు చెప్పి తప్పుకునే మనిషి, అంతే. ఆమెకు అతని మీద కోపం రావాల్సింది, జాలి వచ్చింది.

"ఇంక దీనికోసం రావల్లని మనసులో పెట్టుకోవద్దప్పా. ఇది నా దగ్గరే ఉంటాది" అంది.

లోపల ఎక్కడో, 'కాదక్కా, నేనొస్తాగా' అంటాడని కాచుకుని ఉంది. దావీదు గుండె నిండా ఊపిరి పీల్చి వదిలాడు.

"సరే అక్కా. నాకూ బరువు దిగినట్టయింది" అన్నాడు.

అన్నం తిన్నాడు. బాగుందన్నాడు. మద్దమ్మ వీధి చివరిదాకా వెంట వెళ్లింది. మలుపు దగ్గర అతను వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఆమె తిరిగి వచ్చేసరికి ప్రేమమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"మీవాడు చేపను తీసకపోలేదే?" అంది ప్రేమమ్మ. "మళ్లా ఎప్పుడొస్తాడంట?"

"రాడు" అంది మద్దమ్మ.

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక లోపలికి పోయేంత ఓపిక కూడా లేక, తాను మాట్లాడటం మానేసిన ప్రేమమ్మ పక్కనే అరుగు మీద కూలబడి ఏడ్చింది.