లిఫ్టులో చివరి అధ్యాయం

ఆ తొమ్మిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపే మనిషికి రోజుకు ఎనిమిది గంటలు ఎటు చెయ్యి చాపినా గోడే తగులుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను చెక్క స్టూలు మీద కూర్చుని జనాన్ని పైకీ కిందికీ మోస్తున్నాడు. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు కాబట్టి నిలబడి చేసే పనులు అతని వల్ల కావు. స్టూలు పక్కన మీటల పెట్టె, దాని పైన అతికించిన చిన్న దేవుడి పటం. పొద్దున్నే ఆ పటానికి దణ్ణం పెట్టి, "స్వామీ, ఎక్కిన వాళ్ళందర్నీ క్షేమంగా దించే పూచీ నీది" అనుకున్నాకే మీట ముట్టేవాడు.

ఆఫీసు మొత్తానికి అతని పేరు లిఫ్టే. "ఏయ్ లిఫ్టూ, ఏడు!" అనేవాళ్ళు. కెప్టెన్ అని పిలిచేవాళ్ళు మాత్రం ముగ్గురే ముగ్గురు.

అందులో మొదటివాడు రికార్డు గది గుమాస్తా. ఉబ్బసం మనిషి. సిబ్బంది కోసం ఒకప్పుడు నడిచిన చిన్న గ్రంథాలయం మూతపడి, పుస్తకాలన్నీ మూటలు కట్టి తుక్కుకు వేయబోతుంటే, దుమ్ములో తుమ్ముతూ కూర్చుని నలభై రెండు పాత నవలలు ఏరుకొచ్చాడు. అన్నీ ఒక్క జాతివే. నక్షత్రాలకు పోయే ఓడలు, మాట్లాడే రాళ్ళు, మబ్బుల మీద కోటలు, భూమి అడుగున రాజ్యాలు. అట్టలు లేవు, పేజీలు తేనె రంగుకు తిరిగాయి. ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలతాయి.

రెండో మనిషి మూడో అంతస్తు టైపిస్టు. టైపమ్మ అంటారు. అచ్చుతప్పు కనిపిస్తే ఆవిడకు పండు దొరికినంత సంతోషం. మూడో మనిషి వరండాలు ఊడ్చే అక్క. చదువు రాదు గానీ, ఒకసారి చెవిన పడిన కథ మళ్ళీ జారిపోదు. ఏ రాక్షసుడికి ఎన్ని కళ్ళో, ఏ గ్రహం మీద ఎన్ని సూర్యుళ్ళో అనుమానం వస్తే అక్కే దిక్కు.

మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం గంట కొడతారు. క్యాంటీనులో గోల. రికార్డు గదిలోకి బయటి మనుషులు రాకూడదని నియమం. అందుకని కెప్టెన్ ఒక ఉపాయం పన్నాడు. గంట కొట్టగానే కింద అంతస్తులో తలుపు పక్కన "మరమ్మతులో ఉన్నది" అన్న బోర్డు తగిలిస్తాడు. ముగ్గురూ గబగబా ఎక్కుతారు. లిఫ్టును ఐదో అంతస్తుకూ ఆరో అంతస్తుకూ మధ్య ఆపేస్తాడు. అక్కడ పాతిక నిమిషాలు ప్రపంచం వాళ్ళది. స్టూలు కింద దాచిన పుస్తకం బయటికొస్తుంది. ఒకరి తర్వాత ఒకరు పైకి చదువుతారు. కట్టుబాట్లు రెండే: పుస్తకం ఎవరింటికీ పోకూడదు, ఎవరూ ఒంటరిగా ముందు పేజీలు తిప్పకూడదు.

"ఇంకో పాతికేళ్ళలో మనుషులు భోజనం మానేసి మాత్రలు మింగుతారని రాశాడమ్మా ఈయన" అనేవాడు గుమాస్తా.

"అచ్చయి అరవై ఏళ్ళయింది. నేను పొద్దున్న నాలుగింటికి లేచి వంట చేశాను. ఆ మాత్రలెక్కడ దొరుకుతాయో కనుక్కోండి" అనేది టైపమ్మ.

"ఆ రాకుమారికి బుర్ర లేదు" అనేది అక్క. "మూడుసార్లు ఎత్తుకుపోతే మూడుసార్లూ అదే తోటలో తిరుగుతోంది. తలుపేసుకుని ఇంట్లో కూర్చోవచ్చుగా?"

నవ్వు పైకి వినపడకుండా నలుగురూ నోళ్ళు మూసుకునేవాళ్ళు.

కెప్టెన్‌ను తొలిచేది ఒక్కటే. రోజూ అరగంట ఆ బోర్డు ఒక అబద్ధం చెబుతోంది. తగిలిస్తున్నది తన చెయ్యి. "ఎవరికీ నష్టం లేని అబద్ధం కూడా నీ లెక్కలోకి వస్తుందా స్వామీ?" అని పటాన్ని అడిగేవాడు. మర్నాడు మళ్ళీ బోర్డు తగిలించేవాడు.

ఈమధ్య భయం కూడా తోడైంది. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒకరోజు లిఫ్టెక్కి, మీటల వైపూ స్టూలు వైపూ చూసి, "ఈ మీట నొక్కడానికి ఒక మనిషెందుకు?" అన్నాడు. పదవీ విరమణకు ఇంకా ఏడాదీ ఎనిమిది నెలలుంది. ఈ స్టూలు పోతే ఆ మోకాలితో ఎక్కడ నిలబడాలి? అన్నిటికీ మించి, ఆ పాతిక నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి?

"ఇనుప పక్షిలో తొమ్మండుగురు" అనే నవల చివరి అధ్యాయానికి వచ్చిన రోజది. ఓడ ఏదో తెలియని గ్రహం మీద దిగింది. లోపల గాలి ఒక్కరోజుకే ఉంది. బయట గాలి ఉందో లేదో తెలియదు. ఓడ కెప్టెన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంక నాలుగు పేజీలు ఉన్నాయనగా మన లిఫ్టు కెప్టెన్ గడియారం చూసుకున్నాడు.

"టైమైపోయింది. రేపు చదువుదాం."

"రేపటిదాకా నేను బతకొద్దూ?" అంది అక్క.

కెప్టెన్ నవ్వుతూ మీట పైకెత్తాడు. లిఫ్టు కదల్లేదు. మళ్ళీ ఎత్తాడు. ఎక్కడో పైన టక్కుమని ఒక చప్పుడైంది, తలమీది ఫ్యాను ఆగిపోయింది. దీపం మాత్రం వెలుగుతోంది.

"హాస్యాలాడకండి కెప్టెన్" అంది టైపమ్మ.

"నేను కాదమ్మా. నిజంగానే ఆగింది."

సెల్‌ఫోన్లకు ఆ గొయ్యిలో ఎప్పుడూ సిగ్నల్ అందదు. మిగిలింది పక్కనున్న ఎర్ర గంట. అది మోగితే తొమ్మిదంతస్తులూ వింటాయి.

"నొక్కేయండి, అందులో ఏముంది?" అంది అక్క. "భోజనానికి పోతుంటే ఇరుక్కున్నామని చెబుదాం."

"కింద బోర్డుందక్కా" అన్నాడు కెప్టెన్ నెమ్మదిగా. "మరమ్మతులో ఉన్న లిఫ్టులోకి నలుగురు ఎట్లా ఎక్కారని అడుగుతారు."

గుమాస్తా తల గోక్కున్నాడు. బోర్డు లేకపోతే వాళ్ళు పాపం ఇరుక్కున్న మనుషులు. బోర్డు ఉంది కాబట్టి దొంగలు. పైగా రోజూ చూసి అలవాటైన బోర్డు కావడంతో లోపల మనుషులున్నారని ఎవరికీ అనుమానం రాదు. తిట్టుకుంటూ మెట్లెక్కిపోతారు.

ఇనుప జాలీ తలుపు పైభాగంలో, గోడకూ ఆరో అంతస్తు నేలకూ మధ్య జానెడు సందు కనిపిస్తోంది. అందులోంచి నడిచే కాళ్ళు మాత్రమే తెలుస్తున్నాయి.

"నమ్మకమైన కాళ్ళు వస్తే పిలుద్దాం" అంది అక్క. నేల ఊడ్చే మనిషి కాబట్టి ఆవిడకు ఆ భవనంలో ప్రతి పాదం తెలుసు. "వీడు వద్దు, ఊరంతా టముకేస్తాడు. ఈవిడ ఆఫీసరుగారికి చెవులు కొరుకుతుంది. ఈయన మంచాడే గానీ చెవుడు."

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. నమ్మకమైన కాళ్ళు రాలేదు. లోపల ఉక్క పెరిగింది. గుమాస్తా చొక్కా మెడ బొత్తాం విప్పుకున్నాడు. కాసేపటికి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని ఛాతీలోంచి పిల్లికూతలు మొదలయ్యాయి.

"మందు పీల్చేది ఎక్కడుంది?" అని అడిగింది టైపమ్మ.

"బల్ల సొరుగులో." మాటకూ మాటకూ మధ్య ఊపిరి లాగుతున్నాడు. "ఫరవాలేదు. గంట వద్దు. ఇంకాసేపు... ఆగుదాం. మీ ఉద్యోగం..."

అక్క కొంగుతో విసరడం మొదలుపెట్టింది. టైపమ్మ నవల తీసి, "వీళ్ళేం చేశారో చూద్దామా, ఏదైనా ఉపాయం ఉంటుందేమో" అంది, ఏడుపు ఆపుకోవడానికి అన్నట్టు.

"పోయిన నవల్లో వేణువు వాయిస్తే తలుపు తెరుచుకుంది" అంది అక్క. "మన దగ్గర అదీ లేదు."

గుమాస్తా నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగలేదు. పెదవుల రంగు మారింది.

కెప్టెన్ పటం వైపు చూశాడు. పొద్దున తను అప్పగించిన పూచీ గుర్తొచ్చింది. ఎక్కినవాళ్ళను దించమని ఆయనకు చెప్పి, దించే గంట తన చేతి కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్ర గంట మీద అరచెయ్యి పెట్టి, ఎవరో పరుగెత్తే చప్పుడు వినపడేదాకా తియ్యలేదు.

సందులో మొదట నల్లగా మెరిసే బూట్లు కనిపించాయి. తర్వాత ఆ బూట్ల మనిషి నేలకు వంగి, తలకిందులుగా మొహం పెట్టాడు. కొత్త ఆఫీసరు.

"ఎవరు లోపల?"

"రికార్డు గుమాస్తాగారికి ఉబ్బసం వచ్చిందండీ. ఆయన బల్ల సొరుగులో మందుంది. ముందది తెప్పించండి. తక్కినవి తర్వాత చెబుతాను."

మంచి మాట ఒకటి చెప్పుకోవాలి. ఆఫీసరు ఇంకొకర్ని పంపలేదు. తనే పరుగెత్తి మందు తెచ్చి, సందులోంచి చెయ్యి మోచేతిదాకా దూర్చి అందించాడు. కోటు చిరిగింది. మెకానిక్ వచ్చి పైనుంచి చేత్తో చక్రం తిప్పి లిఫ్టును ఆరో అంతస్తుకు లాగేసరికి ఇంకో గంట పట్టింది.

"కింద బోర్డు ఎవరు పెట్టారు?" అని అడిగాడు ఆఫీసరు.

"అదేంటంటే సార్, ఇవాళ పొద్దున..." అని టైపమ్మ ఏదో అల్లబోయింది.

"నేనేనండీ" అన్నాడు కెప్టెన్. "ఇవాళ ఒక్కరోజు కాదు. మూడేళ్ళుగా రోజూ."

విచారణ వారం రోజుల్లో ముగిసింది. ముగ్గురికీ హెచ్చరిక కాగితాలు వచ్చాయి. లిఫ్టు మీటలు తీసేసి ఎవరికి వాళ్ళు నొక్కుకునే బొత్తాలు పెట్టారు. కెప్టెన్‌ను ప్రహరీ గేటు దగ్గర కాపలా గదిలో వేశారు. స్టూలు పోయింది. దేవుడి పటం మాత్రం గోకి తీసుకొచ్చుకున్నాడు. నవలను సాక్ష్యంగా దస్త్రానికి జతచేసి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి రికార్డు గదికి పంపారు. పదేళ్ళు భద్రపరచవలెనని పైన రాశారు.

ఆ కాపలా గది లిఫ్టు కంటే చిన్నది. లిఫ్టైతే కనీసం పైకీ కిందికీ పోయేది. ఇది ఎక్కడికీ పోదు. బండి వచ్చినప్పుడల్లా లేచి అడ్డుకర్ర ఎత్తాలి. సాయంత్రానికి మోకాలు కొబ్బరికాయంత అయ్యేది. మధ్యాహ్నం ముగ్గురూ వచ్చి కిటికీ బయట నిలబడేవాళ్ళు. లోపల ఇంకొకరికి చోటు లేదు.

"నా బీరువాలోనే ఉంది" అనేవాడు గుమాస్తా దిగులుగా. "తాళం నాదే. ముద్ర విప్పే అధికారం లేదు. ఉన్నా నేనొక్కణ్ణీ చదవను."

"వాళ్ళింకా లోపలే ఉన్నారన్నా" అంది ఒకరోజు అక్క. "ఆ తొమ్మిదిమందీ. గాలి ఒక్కరోజుకే కదా ఉంది. మనం చదివేదాకా వాళ్ళు బయటికి రాలేరు."

కెప్టెన్‌కు ఆ రోజంతా ఆ మాటే మెదిలింది. ప్రతి బండికీ అడ్డుకర్ర ఎత్తుతూ, ఆ ఓడ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి గురించి ఆలోచించాడు. తలుపు తియ్యలేక అక్కడే ఉండిపోయాడు పాపం.

దారి కనిపెట్టింది టైపమ్మ. శిక్ష పడిన ఉద్యోగి తన దస్త్రంలోని ఏ కాగితానికైనా నకలు కోరవచ్చు. ముప్పై ఏళ్ళుగా అలాంటి నకళ్ళు ఆవిడే కొడుతోంది. కెప్టెన్ తెల్లకాగితం మీద దరఖాస్తు రాశాడు: సాక్ష్యంగా ఉన్న పుస్తకంలోని చివరి నాలుగు పుటలకు నకలు ఇప్పించ ప్రార్థన.

ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివాడు. "అప్పీలు చేసుకుంటావా?"

అవునంటే సరిపోయేది. కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. "కాదండీ. చివర ఏమైందో తెలియలేదు. అందుకని."

ఆఫీసరు కలం తీశాడు. "కారణం అడగమని నియమంలో లేదు" అని సంతకం పెట్టాడు. స్టూలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

నకలు తయారయ్యాక సరిచూడటం అని ఒక పద్ధతి ఉంది. రికార్డు గుమాస్తా అసలు ప్రతిని పైకి చదవాలి. టైపిస్టు నకలులో వేలు పెట్టుకుని పోల్చాలి. దరఖాస్తుదారు ఎదురుగా కూర్చుని విని, చివర సంతకం చేయాలి. అది రికార్డు గదిలోనే, తలుపు మూసి జరగాలి. శుక్రవారం ఒంటిగంటకు పెట్టుకున్నారు. అక్క ఆ గది ఊడ్చే వారం కూడా శుక్రవారమే.

"నువ్వు ముందే చదివేశావన్నమాట టైపమ్మా" అన్నాడు కెప్టెన్ నిష్ఠూరంగా.

"ఒట్టు, లేదు. ఇన్నేళ్ళూ అర్థం చూడకుండానే కదా కొట్టాను. వేళ్ళే చూశాయి, నేను చూడలేదు. ఇవాళ మాత్రం ప్రాణం పోయినంత పనైంది."

గదికి కిటికీ లేదు. నాలుగు వైపులా కప్పుదాకా దస్త్రాలు, మధ్యలో ఒక బల్బు. గుమాస్తా మందు పీల్చే గొట్టం బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నాడు. ఒంటిన్నరకు కెప్టెన్ మళ్ళీ గేటు దగ్గర ఉండాలి. అతను జేబులోంచి చిన్న పటం తీసి బల్ల అంచున ఆనించాడు. దణ్ణం పెట్టాడు గానీ, ఈసారి ఏమీ అప్పగించలేదు.

పద్ధతి ప్రకారం కామా కూడా వదలకుండా చదవాలి. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"ఓడ కెప్టెన్ తలుపు గడియ మీద చెయ్యి వేశాడు, కామా, వెనక్కి తిరిగి ఎనిమిదిమంది మొహాలూ చూశాడు, ఫుల్‌స్టాప్."

ఊడుస్తున్న చీపురు ఆగింది.

"నెమ్మదిగా చదవండి" అన్నాడు కెప్టెన్. "సంతకం పెట్టాల్సింది నేను."